గిట్టుబాటు కాని వ్యాపారమే కొంప ముంచింది

మీరు మూడు సంగతులు అడిగారు. అంత డబ్బు, అంతమంది పీహెచ్‌డీలు ఉన్న ఇంటెల్, ఫోన్ల కాలం వస్తోందని ముందే ఎందుకు కనిపెట్టలేకపోయింది? రేపు ఏఐ చిప్పుల ఎన్‌విడియాకీ ఇదే గతి పడుతుందా? వీఎల్ఎస్ఐ (చిప్ డిజైన్) కోర్సు అయిపోయింది కాబట్టి, ఇంటెల్‌లో ఆఫర్ వస్తే చేరొచ్చా? చిప్ డిజైన్‌లో తల నెరిసినవాడిగా వరసగా చెబుతాను. కొంచెం పొడుగవుతుంది.

మొదటి ప్రశ్నతోనే పేచీ ఉంది. ఇంటెల్‌కు కనపడకపోవడం అంటూ ఏమీ లేదు. ఫోన్లలో పెట్టదగ్గ చిప్పు దాని చేతిలోనే ఉండేది, 2006లో అమ్మేసుకుంది. దానికంటే ముందు ఆ చిప్పు ఇంకో మహా కంపెనీ దగ్గర ఉండేది. ఆ కంపెనీ ఇప్పుడు లేదు. ఒకే చిప్పు ఇద్దరు మొనగాళ్ళ చేతుల్లోంచి జారిపోయింది కాబట్టి దాన్ని పట్టుకునే కథ చెబుతాను. ఐబీఎం, నోకియా, కొడాక్ లాంటి ఉదాహరణలు ఇప్పటికే అందరూ అరగదీశారు.

ఆ మొదటి కంపెనీ డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్. అందరూ డెక్ అనేవాళ్ళు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో పనిచేసింది వాళ్ళ వ్యాక్స్ అనే కంప్యూటర్ మీదే. ఒక గదిలో ఏసీ వేసి మెషీన్‌ను పెట్టేవారు, మేము బయట టెర్మినళ్ళ ముందు కూర్చునేవాళ్ళం. దాని వీఎంఎస్ ఆపరేటింగ్ సిస్టంలో ఫైలు సేవ్ చేసిన ప్రతిసారీ పాతదాన్ని చెరపకుండా అలాగే ఉంచి, పేరు వెనక 1, 2, 3 అని కొత్త నంబరు వేసేది. నిన్నటి కోడే బాగుంది అనిపిస్తే నిన్నటి నంబరు తెరుచుకోవడమే. డిస్కు నిండిపోతే పర్జ్ అని కొడితే పాత నంబర్లన్నీ పోయేవి. ఆ రోజుల్లో అంత శుభ్రమైన సిస్టం నేను ఇంకోటి చూడలేదు. దాన్ని తయారు చేసినవాళ్ళు తెలివితక్కువవాళ్ళంటే నేను ఒప్పుకోను.

1957లో కెన్ ఓల్సన్, హార్లన్ ఆండర్సన్ అనే ఇద్దరు ఇంజనీర్లు 70,000 డాలర్ల పెట్టుబడితో మసాచుసెట్స్ రాష్ట్రంలోని మేనార్డ్ ఊళ్ళో ఒక పాత ఉన్ని మిల్లు భవనంలో ఈ కంపెనీ పెట్టారు. అప్పట్లో కంప్యూటరంటే ఐబీఎం. లక్షల డాలర్ల మెషీన్, దాన్ని కాపలా కాసే ఆపరేటర్లు, కార్డుల కట్ట ఇచ్చి మర్నాడు రిజల్టు తెచ్చుకోవడం. డెక్ 1965లో పీడీపీ-8 అనే చిన్న కంప్యూటర్‌ను సుమారు 18,000 డాలర్లకు తెచ్చింది. ఆ ధరకు ఒక ల్యాబ్ తన సొంత కంప్యూటర్ కొనుక్కోగలిగింది. ఐబీఎం దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. తన మెషీన్లలో వచ్చే లాభం ముందు అదొక లెక్కా? 1977లో వ్యాక్స్ వచ్చేసరికి యూనివర్సిటీలు, ఫ్యాక్టరీలు, ఆఫీసులు డెక్ వెనకాల నిలబడ్డాయి. 1980ల చివరికి ప్రపంచంలో ఐబీఎం తర్వాత స్థానం డెక్‌దే. అంటే కింది నుంచి చవక మెషీన్‌తో వచ్చి పెద్దవాడిని కొట్టడం ఎలాగో ఈ కంపెనీకి ఇంకొకరు చెప్పక్కర్లేదు.

అయినా పీసీ దగ్గర బోల్తా పడింది. ఇక్కడ చాలామంది కెన్ ఓల్సన్ 1977లో "ఇంట్లో కంప్యూటర్ ఎవరికి కావాలి" అన్నాడని ఎగతాళి చేస్తుంటారు. ఇలాంటి ఫార్వర్డులను నమ్మకండి. ఇల్లంతటినీ ఒక కంప్యూటర్ నడిపించడం గురించి అన్నానని, పీసీ గురించి కాదని ఆయన తర్వాత వివరణ ఇచ్చుకున్నాడు. పైగా 1982లో, ఐబీఎం పీసీ వచ్చిన ఏడాదికల్లా, డెక్ ఒకటి కాదు మూడు పీసీలు దించింది: రెయిన్‌బో, ప్రొఫెషనల్, డెక్‌మేట్. వాటిలో ఒకదానికోసం రాసిన సాఫ్ట్‌వేర్ ఇంకోదాంట్లో నడిచేది కాదు.

రెయిన్‌బో సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. అందులో రెండు ప్రాసెసర్లు, స్క్రీన్ మీద అక్షరాలు ముత్యాల్లా కనపడేవి, తయారీలో వంక పెట్టడానికి లేదు. కానీ అది ఐబీఎం పీసీకి కంపాటిబుల్ కాదు, అంటే ఐబీఎం పీసీ కోసం రాసిన సాఫ్ట్‌వేర్ అందులో నేరుగా నడవదు. ఇంకో విడ్డూరం, కొత్త ఫ్లాపీని అది మొదట్లో సొంతంగా ఫార్మాట్ చేసుకోలేకపోయేది. ఫార్మాట్ చేసిన ఫ్లాపీలను డెక్ దగ్గరే ఎక్కువ ధర పెట్టి కొనుక్కోవాలి. బజార్లో పది కంపెనీల ఫ్లాపీలు చవగ్గా దొరుకుతుంటే కొన్నవాడికి ఒళ్ళు మండదా? వ్యాక్స్ కస్టమర్‌కు ఇది తప్పుగా తోచదు. వాడికి టేపు నుంచి కేబుల్ దాకా అన్నీ డెక్ నుంచే రావడం అలవాటు. లక్ష డాలర్ల పైచిలుకు మెషీన్ అమ్మి, దాంతో పాటు సర్వీసు కాంట్రాక్టు, డిస్కులు, టెర్మినళ్ళు కూడా తానే అమ్మి బతికే వ్యాపారం అది. ఇంజనీర్లు పీసీ చేశారు గానీ, దాని చుట్టూ ఉన్న వ్యాపారం మాత్రం వ్యాక్స్‌దే.

ఇప్పుడు డెక్ సేల్స్ ఆఫీసులో కూర్చుని ఆలోచించండి. ఒక బ్యాంకుకు ఇంకో వ్యాక్స్ అమ్మితే ఏడాది టార్గెట్‌లో మంచి భాగం పూర్తవుతుంది. అదే సమయం పెట్టి కొన్ని వేల డాలర్ల పీసీలు అమ్మితే ఎన్ని అమ్మాలి? అమ్మినా ఆ బ్యాంకువాడు "ఇక వ్యాక్స్ ఎందుకులే" అంటే? ప్రతి మీటింగులోనూ ప్రతి మనిషీ తన లెక్క తాను సరిగ్గానే వేసుకుంటాడు. అన్నీ కూడితే కంపెనీ మునుగుతుంది. బయటి నుంచి చూసేవాళ్ళకు ఇది గుడ్డితనంలా కనపడుతుంది. లోపల ఉన్నవాళ్ళకు అది గిట్టుబాటు లెక్క.

ఇంకో మోసం ఏమిటంటే, పతనం మొదలైన చాలా ఏళ్ళ దాకా అమ్మకాలు పెరుగుతూనే ఉంటాయి. 1987లో డెక్ లాభం 110 కోట్ల డాలర్లు దాటింది. ఆ ఏడాది బోస్టన్‌లో పెట్టిన సొంత ఎగ్జిబిషన్‌కు క్వీన్ ఎలిజబెత్-2 అనే ప్రయాణికుల ఓడనే అద్దెకు తెచ్చి రేవులో నిలబెట్టారు. 1992 ఆర్థిక సంవత్సరంలో అమ్మకాలు దాదాపు 1,400 కోట్ల డాలర్లు, అంటే 1987 కంటే ఎంతో ఎక్కువ. నష్టం మాత్రం 280 కోట్లు. కెన్ ఓల్సన్ దిగిపోవాల్సి వచ్చింది. పాత కస్టమర్లు వెంటనే వదిలిపోరు. ఇంకో మెషీన్, ఇంకో డిస్కు కొంటూనే ఉంటారు. కొత్తగా వచ్చేవాళ్ళు మాత్రం సన్ వర్క్‌స్టేషన్ దగ్గరో, కంపాక్ పీసీ దగ్గరో ఆగిపోతారు. రానివాళ్ళ పేర్లు ఏ బ్యాలెన్స్ షీట్లోనూ ఉండవు కదా.

మధ్యలో ఇంకో వినోదం. పీసీలు, వర్క్‌స్టేషన్లు కింది నుంచి తోసుకొస్తుంటే డెక్ పైకి చూసి, 1989లో వ్యాక్స్ 9000 అనే మెయిన్‌ఫ్రేమ్, అంటే పెద్ద సంస్థలకు అమ్మే భారీ కంప్యూటర్, ప్రకటించింది. దాన్ని వేల డాలర్ల పీసీతో పోలిస్తే లాభం ఎక్కడ ఎక్కువో చెప్పక్కర్లేదు. దానిమీద పోసిన డబ్బుకు లెక్క లేదు. రెండేళ్ళు తిరక్కుండా డెక్ ఇంజనీర్లే ఎన్‌వ్యాక్స్ అనే ఒకే ఒక చిప్పు చేశారు. వేగంలో అది ఆ భారీ మెషీన్‌తో సమానం. తన పెద్ద ప్రాజెక్టును తన చిన్న చిప్పే తినేసింది.

సరే, మన అసలు చిప్పు దగ్గరికి వద్దాం. 1992లో డెక్ ఆల్ఫా ప్రాసెసర్ తెచ్చింది. అప్పటికి ప్రపంచంలో అంత వేగమైనది ఇంకోటి లేదు. మొదటి ఆల్ఫా 200 మెగాహెర్ట్జ్ దగ్గర 30 వాట్ల దాకా కరెంటు తాగేది. ఆల్ఫాకు పనిచేసిన మనుషుల్లో కొందరు, డాన్ డాబర్‌పూల్ నాయకత్వంలో, అదే నైపుణ్యాన్ని తిరగేసి వాడారు. ఇంగ్లండుకు చెందిన ఆర్మ్ కంపెనీ డిజైన్ తీసుకుని, తక్కువ కరెంటుతో ఎంత వేగం రాబట్టొచ్చో చూశారు. 1996లో స్ట్రాంగ్ఆర్మ్ వచ్చింది. 160 మెగాహెర్ట్జ్, అర వాటు లోపే. మన ఫీల్డులో ఉన్నవాళ్ళకు ఆ అంకె చూస్తే ఇప్పటికీ ముచ్చటేస్తుంది. చేతిలో పట్టుకుని తిరిగే కంప్యూటర్‌కు కావాల్సింది సరిగ్గా అదే. ఆపిల్ తన న్యూటన్ అనే చేతి కంప్యూటర్‌లో పెట్టుకుంది కూడా.

డెక్‌కు అప్పటికే ఊపిరాడటం లేదు. 1997లో పేటెంట్ల మీద ఇంటెల్ పైన కేసు వేసింది. రాజీలో భాగంగా ఇంటెల్ దాదాపు 70 కోట్ల డాలర్లిచ్చి డెక్ చిప్ ఫ్యాక్టరీని తీసుకుంది, దాంతో పాటు స్ట్రాంగ్ఆర్మ్ కూడా వెళ్ళిపోయింది. మరుసటి ఏడాది డెక్‌ను 960 కోట్ల డాలర్లకు కొన్నది ఎవరనుకున్నారు? కంపాక్. డెక్ పట్టించుకోని పీసీలు అమ్మి పైకొచ్చిన కంపెనీ.

ఇంటెల్ స్ట్రాంగ్ఆర్మ్‌కు మెరుగులు దిద్ది ఎక్స్‌స్కేల్ అని పేరు పెట్టింది. పామ్ చేతి కంప్యూటర్లలో, కొన్ని బ్లాక్‌బెర్రీల్లో అది ఉండేది. ఫోన్ కంప్యూటర్ అవుతుందన్న ఊహ ఇంటెల్‌కు లేకపోతే అన్నేళ్ళు దానిమీద డబ్బు ఎందుకు పోస్తుంది? కానీ పీసీ చిప్పు ఒక్కోటి వంద డాలర్లు, సర్వర్ చిప్పైతే వెయ్యి డాలర్లు పలుకుతుంటే, ఫోన్ చిప్పు పది, ఇరవై డాలర్ల బేరం. 2006లో కంపెనీ ఖర్చులు తగ్గించుకునే పనిలో పడినప్పుడు కత్తి ఎక్కడ పడుతుందో ఎవరైనా చెప్పగలరు. 60 కోట్ల డాలర్లకు ఎక్స్‌స్కేల్‌ను మార్వెల్ అనే ఇంకో చిప్ కంపెనీకి అమ్మేశారు. 2007 జనవరిలో స్టీవ్ జాబ్స్ ఐఫోన్ చూపించాడు.

ఆ ఐఫోన్‌కు చిప్పు చేసిపెట్టమని ఆపిల్ ఇంటెల్‌ను అడిగింది. అప్పటి సీఈఓ పాల్ ఒటెల్లిని పదవి దిగిపోతూ 2013లో స్వయంగా చెప్పిన విషయమిది. ఆపిల్ ఇస్తామన్న ధర, ఇంటెల్ వేసుకున్న తయారీ ఖర్చు కంటే తక్కువ. లెక్క ప్రకారం కుదరదన్నారు. తీరా చూస్తే ఖర్చు అంచనా తప్పు, అమ్ముడయ్యే సంఖ్య మీద వేసుకున్న అంచనా అయితే ఏకంగా 100 రెట్లు తప్పు.

ఇంతవరకు చాలామందికి తెలుసు. దీని తర్వాత జరిగింది అంతకంటే ముఖ్యం. ఫోన్ల వ్యాపారం పోతే పోయింది, పీసీలు సర్వర్లు ఉన్నాయిగా అనుకోవడానికి లేకుండా పోయింది. చిప్ ఫ్యాక్టరీలో కొత్త ప్రాసెస్, అంటే కొత్త తరం తయారీ పద్ధతి, మొదలుపెట్టినప్పుడు తొలి నెలల్లో వేఫర్ (చిప్పులు చెక్కే సిలికాన్ పళ్ళెం) మీది చిప్పుల్లో చాలా భాగం పనికిరావు. ఏ పొర ఎక్కడ తప్పుతోంది, ఏ మెషీన్ ఎప్పుడు గాడి తప్పుతోంది అన్నది వేఫర్లు నడిపి నడిపి తెలుసుకోవాల్సిందే, పుస్తకం చదివితే రాదు. ఎవరు ఎక్కువ వేఫర్లు నడిపితే వాళ్ళ ఈల్డ్, అంటే పనికొచ్చే చిప్పుల శాతం, తొందరగా పెరుగుతుంది. 2014 నుంచి ఐఫోన్ చిప్పులు ఇతర కంపెనీల చిప్పులు తయారు చేసిపెట్టే తైవాన్ కంపెనీ టీఎస్ఎంసీ చేతికి వచ్చాయి. ఏటా సెప్టెంబరుకల్లా కోట్ల చిప్పులు కావాల్సిందే, వాయిదాలు లేవు, కొత్త ప్రాసెస్‌కు ముందే డబ్బు పెట్టే కస్టమర్ రెడీ. టీఎస్ఎంసీకి అంతకంటే మంచి ట్యూషన్ ఎక్కడ దొరుకుతుంది? 2018లో 7 నానోమీటర్ చిప్పులు (ఈ అంకె ప్రాసెస్ తరానికి పెట్టిన పేరు) ఐఫోన్‌లోకి వచ్చేశాయి. దానికి సరితూగే ఇంటెల్ 10 నానోమీటర్ ప్రాసెస్ ఏళ్ళ తరబడి వాయిదా పడి, 2019లో గానీ చెప్పుకోదగ్గ సంఖ్యలో బయటికి రాలేదు.

చిప్పు మీద అతి సన్నని గీతలను కాంతితో అచ్చు వేసే ఈయూవీ మెషీన్ల కథా అంతే. వాటిని చేసేది నెదర్లాండ్స్ కంపెనీ ఏఎస్ఎంఎల్ ఒక్కటే. వాటి అభివృద్ధికి 2012లో అందరికంటే ఎక్కువ డబ్బిచ్చింది ఇంటెల్. కానీ ఉత్పత్తిలో ముందు వాడుకున్నది టీఎస్ఎంసీ, శాంసంగ్. ఇంటెల్ ఈయూవీతో చేసిన మొదటి పీసీ చిప్పు అంగట్లోకి వచ్చింది 2023 చివర్లో.

ఇక ఒకటి తర్వాత ఒకటి. ఫ్యాక్టరీలు వదిలించుకున్న ఏఎండీ, ఇంటెల్ పాత పోటీదారు, 2019లో టీఎస్ఎంసీలో చేయించిన చిప్పులతో సర్వర్లలోకి చొరబడింది. 2020లో ఆపిల్ మ్యాక్‌ల నుంచి ఇంటెల్‌ను తీసేసి సొంత ఎం1 చిప్పు పెట్టుకుంది. వదులుకున్న ఫోన్ల డబ్బుతో ఎదిగిన ఫ్యాక్టరీ తిరిగొచ్చి ఇంటెల్ సొంత ఇంట్లో కూర్చుంది. మధ్యలో ఇంటెల్ ఫోన్లలోకి రావడానికి గట్టిగానే ప్రయత్నించింది. తయారీదారులకు ఎదురు డబ్బిచ్చి మరీ ఆటం చిప్పులు అంటగట్టింది. 2014లో ఆ మొబైల్ విభాగం నష్టం 420 కోట్ల డాలర్లు. 60 కోట్లకు అమ్మేసిన వ్యాపారంలోకి తిరిగి అడుగు పెట్టడానికి ఒక్క ఏడాదిలో దానికి ఏడు రెట్లు. అయినా పని కాలేదు, 2016లో ఆ ప్రాజెక్టులు ఎత్తేశారు.

డెక్‌లో లాగే ఇక్కడా అంకెలు చివరిదాకా అబద్ధం చెప్పాయి. ఇంటెల్ చరిత్రలో అత్యధిక అమ్మకాలు 2021లో, సుమారు 7,900 కోట్ల డాలర్లు. మూడేళ్ళలో, 2024కు, అది 5,310 కోట్లకు దిగింది, నష్టం 1,880 కోట్లు. ఆ నవంబరులో అమెరికా షేర్ల డౌ జోన్స్ సూచీ నుంచి ఇంటెల్‌ను తీసి ఎన్‌విడియాను పెట్టారు. 2025లో అమెరికా ప్రభుత్వమే దాదాపు 10 శాతం వాటా తీసుకోవాల్సి వచ్చింది.

చిప్పు సరే, మనుషులేమయ్యారు? డాబర్‌పూల్ తర్వాత పీఏ సెమీ అనే చిన్న కంపెనీ పెట్టాడు. 2008లో ఆపిల్ దాన్ని 27.8 కోట్ల డాలర్లకు కొనేసింది. ఆపిల్ సొంత చిప్పుల టీం అలా గట్టిపడింది. వ్యాక్స్ మీద నేను మురిసిపోయిన వీఎంఎస్‌ను తయారు చేసినవాళ్ళలో ముఖ్యుడు డేవ్ కట్లర్, తన ప్రిజం ప్రాజెక్టును 1988లో డెక్ రద్దు చేస్తే మైక్రోసాఫ్ట్‌కు వెళ్ళి విండోస్ ఎన్‌టీ కట్టాడు. మీ ల్యాప్‌టాప్‌లో ఉన్న విండోస్ దాని వారసత్వమే. మంచి ప్రాజెక్టు ఒకటి ఆగిపోయి, దాని నాయకుడు బయటికి నడిచాడంటే నాకు షేరు ధర కంటే అదే ఎక్కువ చెబుతుంది.

తప్పించుకున్నవాళ్ళు లేరా అంటే ఉన్నారు. ఇంటెల్ తానే ఒకసారి తప్పించుకుంది. 1985లో, పుట్టినప్పటి నుంచి చేస్తున్న మెమరీ చిప్పుల నుంచి బయటపడి ప్రాసెసర్ల మీదే నిలబడింది. అప్పుడు ఇంటెల్‌ను నడిపించినవాళ్ళలో ఒకడైన ఆండీ గ్రోవ్ ధైర్యానికి దాన్ని ఉదాహరణగా చూపిస్తారు. ధైర్యమే, కాదనను. కానీ అప్పటికే జపాన్ కంపెనీల దెబ్బకు మెమరీలో నష్టాలు వస్తున్నాయి. నష్టమొచ్చే దుకాణం మూయడానికీ, లాభాలు కురిసే దుకాణానికి ఎదురుగా చేజేతులా పోటీ పెట్టుకోవడానికీ చాలా తేడా ఉంది.

రెండో రకం పని చేసింది మైక్రోసాఫ్ట్. ఫోన్లలో అది చిత్తుగా ఓడింది. నోకియా ఫోన్ల వ్యాపారాన్ని కొని, 2015లో 760 కోట్ల డాలర్లు నష్టం కింద రాసుకుంది. కానీ మన హైదరాబాద్ సత్య నాదెళ్ళ 2014 ఫిబ్రవరిలో సీఈఓ అయ్యాక, మార్చిలోనే ఐప్యాడ్ మీద ఆఫీస్ విడుదల చేశాడు. అది ఆయన రాకముందే తయారవుతోంది, కాబట్టి ఘనత అంతా ఆయనకే కట్టబెట్టడం మనవాళ్ళ అభిమానం మాత్రమే. ఆయనకు ముందు సీఈఓగా ఉన్న స్టీవ్ బాల్మర్ ఒకప్పుడు క్యాన్సర్ అన్న లినక్స్‌ను, విండోస్‌కు పోటీ అయిన ఉచిత ఆపరేటింగ్ సిస్టంను, అజూర్ అనే తన క్లౌడ్‌లో అద్దెకిచ్చి సంపాదించడం అసలు మార్పు. విండోస్ అమ్ముడుపోకపోయినా పర్లేదు అని పైవాడు నోరు తెరిచి చెబితే తప్ప, కింద ఏ మేనేజరూ అందుకు సాహసించడు.

ఇక ఎన్‌విడియా. జోస్యం చెప్పను గానీ ఏం చూడాలో చెబుతాను. 2025 ఆర్థిక సంవత్సరంలో దాని గ్రాస్ మార్జిన్, అంటే అమ్మకాల్లో తయారీ ఖర్చు పోగా మిగిలేది, 75 శాతం. అంత గిట్టుబాటు ఉన్నచోట దానికంటే తక్కువ వచ్చే పని ఏదైనా మీటింగులో నిలబడటం కష్టం. దాని పెద్ద కస్టమర్లే సొంత చిప్పులు చేసుకుంటున్నారు. గూగుల్ టీపీయూను 2015 నుంచే లోపల వాడుతోంది, అమెజాన్‌కు ట్రైనియం ఉంది. ఏఐ మోడళ్ళను తయారు చేయడంలో ఎన్‌విడియాను కదిలించడం ఇప్పట్లో కష్టం, ఎందుకంటే దాని చిప్పులకు ప్రోగ్రాములు రాసే క్యూడా (CUDA) సాఫ్ట్‌వేర్‌కు జనం బాగా అలవాటు పడ్డారు. తయారైన మోడల్‌ను చవగ్గా, కోట్లసార్లు నడపడం దగ్గరే నా అనుమానం. అక్కడ "ఈ ధరకు మాకు కుదరదు" అని ఎన్‌విడియా ఎవరికి చెప్పిందో, వాళ్ళు ఎవరి దగ్గరికి వెళ్ళారో గమనిస్తూ ఉండండి. అమ్మకాలు రికార్డు కొట్టాయన్న వార్తతో మాత్రం ఏమీ తేలదు.

మీ ఆఫర్ సంగతి. ఇంటెల్‌లో వస్తే నిక్షేపంగా చేరండి. ఫ్రెషర్‌కు అక్కడ దొరికే పని, నేర్పే మనుషులు చాలా చోట్ల దొరకరు. డెక్ పోయినా అక్కడ పని నేర్చినవాళ్ళు వీధిన పడలేదు. కాకపోతే చేరేముందు కంపెనీ కంటే గ్రూపు గురించి ఎక్కువ కనుక్కోండి. ఇంటర్వ్యూ చివర "మీరేమైనా అడుగుతారా" అన్నప్పుడు, ఈ టీం చివరి టేపౌట్ (పూర్తయిన డిజైన్‌ను ఫ్యాక్టరీకి పంపడం) ఎప్పుడు అయింది, తర్వాతది ఎప్పుడు ఉంది, ఆ చిప్పు కొనే కస్టమర్ ఎవరు అని అడగండి. సూటిగా జవాబు వస్తే మంచిది. "రోడ్‌మ్యాప్ ఇంకా ఫైనల్ కాలేదు" అంటే, ఇంకో గ్రూపులో ఖాళీలు ఉన్నాయేమో హెచ్‌ఆర్‌ను అడిగి చూడండి.